పద్నాలుగో నంబరు ప్రకృతి

మా పెళ్లయి అప్పటికి నాలుగు నెలల పదకొండు రోజులు. "రోజులు కూడా లెక్కేనా హిమా?" అని మా ఆయన సుధీంద్ర నవ్వుతాడు. గంటలు చెప్పనందుకు సంతోషించమన్నాను.

మేముండేది రెండు గదుల అద్దె వాటా. ముందు గదిలో మామగారు, ఆయన టీవీ. వెనక గదిని ఒక బీరువా రెండు చేసింది. అటు అత్తగారు, నాయనమ్మ గారు. ఇటు మేము. నాయనమ్మ గారికి ఎనభై రెండేళ్లు. పక్కన నిలబడి అరిచినా ఒక్క ముక్క వినపడదు. బీరువా ఇవతల మేము గుసగుసలాడుకుంటే మాత్రం, "ఏరా సుధీ, నిద్ర పట్టలేదా?" అని అడుగుతారు. మా హనీమూను అన్నవరం. సత్యనారాయణ వ్రతం చేయించుకున్నాం. అత్తగారు, మామగారు, నాయనమ్మ గారు కూడా వచ్చారు. చాలా బాగా జరిగింది. ప్రసాదం ఇంకా బాగుంది.

అందుచేత మేమిద్దరం మొగుడూ పెళ్లాల్లా మాట్లాడుకోవడమనేది సాయంత్రం అయిదున్నర నుంచి ఏడింటి దాకా, గడియారం పార్కులో జరిగేది. ఆ పార్కులో గడియారం ఎప్పుడో ఆగిపోయింది. ఆగిపోయిన గడియారం కింద కూర్చుంటే టైమైపోయిందన్న బెంగ ఉండదు. మా ఆయన కళ్లజోళ్ల దుకాణంలో అద్దాలు బిగించే పని చూస్తాడు. నేను ఎమ్మెస్సీ వృక్షశాస్త్రం చదివి జూనియర్ కాలేజీలో పాఠం చెబుతాను. ఇద్దరం గేటు దగ్గర కలుసుకుని, మరమరాల పిడత కింద పప్పు పొట్లం ఒకటి కొనుక్కుని, పార్కు చివర నిద్రగన్నేరు చెట్టు కింద సిమెంటు బల్ల మీద కూర్చునేవాళ్లం. రెండు పొట్లాలు కొనుక్కోవచ్చు. కానీ ఒకే పొట్లంలో ఇద్దరి వేళ్లూ తగిలే సౌకర్యం రెండు పొట్లాల్లో ఉండదు.

ఆ నిద్రగన్నేరుకు అరవై ఏళ్లుంటాయి. సాయంత్రం ఆరు దాటితే దాని ఆకులు జతలు జతలుగా ముడుచుకుంటాయి. మొదటిసారి చూపించినప్పుడు మా ఆయన, "దీనికీ ఈ మధ్యే పెళ్లయినట్టుంది, తలుపులేసుకుంటోంది" అన్నాడు. నేను మూడు రోజులు నవ్వాను. ఎందుకు నవ్వుతున్నానో అత్తగారికి చెప్పలేకపోయాను.

ఇలా ఉండగా మా నగరపాలక సంస్థ కమిషనరు గారు అధ్యయన యాత్ర మీద దూరదేశం వెళ్లి, అక్కడొక పార్కులో ప్రకృతి దృశ్యాల ఫోటోలు పెద్దపెద్ద చట్రాల్లో నిలబెట్టి ఉండటం చూసి వచ్చారు. వచ్చిన మూడో రోజున "ప్రజల ముంగిట ప్రకృతి" పథకం పుట్టింది. గడియారం పార్కులో ఇరవై నాలుగు ఇనుప చట్రాలు. ఒక్కొక్కటి ఎనిమిదడుగుల ఎత్తు, పన్నెండడుగుల వెడల్పు. ఒక్కో దాంట్లో ఒక్కో ఫ్లెక్సీ. హిమాలయాలు, ఎడారి, జలపాతం, పూలతోట, తామర కొలను.

నాకు చప్పట్లు కొట్టాలనిపించింది. నిజంగానే కొట్టాను.

పొద్దున్నే నడకకు వచ్చే పెద్దలకు అంత ఉత్సాహం కలగలేదు. పథకం వివరించడానికి ఉద్యానవన సహాయ పర్యవేక్షకులు దైవాధీనం గారు ఆదివారం మైకు పట్టుకుని వచ్చారు. సన్నగా, నిటారుగా, ఇస్త్రీ చేసిన దస్త్రంలా ఉంటారాయన. పంచె ఎగగట్టిన ఒకాయన లేచి, "ఏవండీ, చెట్లున్న చోట చెట్ల ఫోటోలెందుకండీ? భోజనాల బంతిలో భోజనం ఫోటో పంచినట్టుంది" అన్నాడు. అందరూ నవ్వారు.

దైవాధీనం గారు నవ్వు పూర్తయ్యేదాకా ఆగారు. "ఇక్కడున్నది పచ్చదనం" అన్నారు. "ఫోటోలో ఉన్నది ప్రకృతి. పచ్చదనం పారిశుధ్య విభాగం పరిధిలోకి వచ్చును. ప్రకృతి సాంస్కృతిక విభాగం పరిధిలోకి వచ్చును. రెంటినీ కలపరాదని సంస్థ అభిప్రాయపడుచున్నది."

"మరి ఈ కాకులో?" అన్నాడు పంచె ఆయన.

"కాకుల విషయం పరిశీలనలో ఉన్నది."

చట్రాలు నిలబెట్టినప్పుడు పద్నాలుగో నంబరు సరిగ్గా మా బల్లకు ముందు వచ్చింది. బాటకూ మాకూ మధ్య గోడలాగా నిలబడింది. మా పెళ్లికి ఎవరూ ఇవ్వని కానుక నగరపాలక సంస్థ ఇచ్చింది. బాట మీద వెళ్లేవాళ్లకు ఫోటో, దాని పైన చెట్టు కొమ్మలు కనిపిస్తాయి. మేము కనిపించం. ఆ ఫోటో పేరు "ఒంటరి చెట్టు". ఏదో దేశపు పచ్చిక బయలు, మధ్యలో ఒకే ఒక్క చెట్టు. దాని వీపు చాటున మేమిద్దరం జంటగా కూర్చునేవాళ్లం.

కొన్నాళ్లు మిగతా ఫోటోలు కూడా తిరిగాం. సోమవారం కాశ్మీరు, మంగళవారం ఎడారి. "చలేస్తోందా?" అని హిమాలయాల ముందు మా ఆయన అడిగితే, నేను కొంగు భుజం చుట్టూ కప్పుకునేదాన్ని. ఎండాకాలపు ఉక్కలో అంత హాయిగా చలేయడం నాకెప్పుడూ జరగలేదు. నాయనమ్మ గారు లేకుండా మేము చూసిన మొదటి ఊళ్లు అవి.

తర్వాత నిబంధనలు వచ్చాయి. ఒక్కొక్కటీ న్యాయంగానే ఉంది.

ఫోటోలు పెట్టాక వాటిని చూడాలి గదా. బల్లలన్నీ కొలను వైపు తిరిగి ఉన్నాయి. అందుకని ఫోటోల వైపు తిప్పారు. నడిచేవాళ్లు ముందుకు చూస్తూ నడుస్తున్నారు. అందుకని "ఎడమ వైపు తల తిప్పి నడవవలెను" అని బోర్డు పెట్టారు. రెండు రోజుల్లో ముగ్గురు పెద్దలు ఒకరినొకరు గుద్దుకున్నారు. అప్పుడు "గుద్దుకొనరాదు" అని ఇంకో బోర్డు పెట్టారు. పొద్దున్నే గుంపుగా నవ్వే నవ్వుల సంఘం వాళ్లను ఎడారి ఫోటో ముందు నుంచి ఖాళీ చేయించారు, ఎడారిని అవమానపరిచినట్టు ఉందని. కొలనులో నీళ్లు వాసన వస్తున్నాయి, తామర కొలను ఫోటోకు చెడ్డపేరు. కొలను తోడేసి, పైన నాపరాళ్లు పరిచారు. కప్పలు రెండు రోజులు ఫోటో ముందు కూర్చుని వెళ్లిపోయాయి.

"ఆయ్, కప్పలక్కూడా నచ్చలేదండి" అన్నాడు కాపలాదారు ఏసోబు. ఏసోబు ఆ పార్కులో ఇరవై ఏళ్లుగా ఉన్నాడు. చెట్లను పేరు పెట్టి పిలుస్తాడు. మా చెట్టును పెద్దమ్మాయి అంటాడు. నన్ను చిన్నమ్మాయి అంటాడు.

ఒక సాయంత్రం మేము వెళ్లేసరికి పెద్దమ్మాయి మొదలు మీద ఎర్ర రంగుతో గుణకారం గుర్తు ఉంది. కింద ఏడు అని అంకె.

ఏసోబు దూరంగా చీపురు పట్టుకుని నిలబడ్డాడు. మా వైపు చూడలేదు. "పదకొండు చెట్లండి. ఆరో రూలంట" అన్నాడు.

నోటీసు బోర్డు దగ్గరికి పరిగెత్తాను. ఆరో నిబంధన ఇలా ఉంది: "ఛాయాచిత్రమునకు వెనుక, ప్రక్కన, పైన సందర్శకుల దృష్టిని మళ్లించు ఎటువంటి ప్రకృతియు ఉండరాదు."

పొట్లం చేతిలోనే ఉండిపోయింది. మా ఆయన బల్ల మీద చెయ్యి వేసి కూర్చున్నాడు. ఆరు దాటింది. ఆకులు ముడుచుకున్నాయి. ఆ చెట్టు పోతే మాకు మిగిలేది బీరువా.

మర్నాడు కాలేజీకి సెలవు పెట్టి ఇద్దరం ఆఫీసుకు వెళ్లాం. దైవాధీనం గారు మర్యాదస్తులు. కుర్చీలు చూపించారు. మా అర్జీ అందుకుని చదవకుండానే కింద ఏదో రాసి తిరిగి ఇచ్చారు. "మీ అభ్యంతరము స్వీకరించబడినది, పరిశీలించబడినది, తోసిపుచ్చబడినది."

"ఇంత త్వరగానా అండీ?" అన్నాను. నిజానికి ఆశ్చర్యపోయాను. మా రేషన్ కార్డులో నా పేరు ఎక్కడానికి మూడు నెలలు పట్టింది.

"పౌరులకు సత్వర సేవ మా ధ్యేయం అమ్మా."

"కానీ అది అరవై ఏళ్ల చెట్టండీ."

"ఫోటో కొత్తది."

"ఫోటోకు చెట్టేం అడ్డం లేదు గదండీ. వెనకుంది."

దైవాధీనం గారు కళ్లజోడు తీసి తుడిచారు. చిన్నపిల్లలకు చెప్పినట్టు చెప్పారు. "అమ్మా, ఆ ఫోటో పేరేమిటి?"

"ఒంటరి చెట్టు."

"దాని వెనక ఇంకో చెట్టు కనిపిస్తే అది ఒంటరి ఎలా అవుతుంది?"

ఎమ్మెస్సీలో ఇది చెప్పలేదు.

మా ఆయన అందుకున్నాడు. "పోనీ, ఫోటోను పక్కకు జరపొచ్చు గదా సార్? చెట్టుకు వేర్లున్నాయి. జరగదు."

"ఫోటోకు మంజూరు ఉన్నది" అన్నారాయన. "మంజూరు వేర్ల కన్నా లోతు నాయనా."

లేచి నిలబడ్డాక తలుపు దగ్గర ఆగి అడిగాను. "ఆ పార్కులో అసలు దేన్నీ కొయ్యకూడదన్న రూలు ఏదైనా ఉందా అండీ?"

"లేకేం! తొమ్మిదో నిబంధన." ఆయన కళ్లు మూసుకుని వల్లించారు. "ప్రదర్శిత వస్తువును తాకుట, కదల్చుట, చింపుట, కోయుట, తొలగించుట నిషేధము."

"అది ఫోటోలకేగా?"

"రిజిస్టరులో ఎక్కినవాటికి" అన్నారు దైవాధీనం గారు. "రిజిస్టరులో ఎక్కితే రాయైనా కళాఖండమే. ఎక్కకపోతే హిమాలయమైనా చెత్త కిందే లెక్క."

బుధవారం నాటికి పది చెట్లు పడిపోయాయి. మాది ఏడో నంబరే గానీ పార్కు చివర ఉండటం వల్ల ఆఖరుకు మిగిలింది. గురువారం దాని వంతు. శుక్రవారం సాయంత్రం ప్రారంభోత్సవం.

బుధవారం మధ్యాహ్నం పెద్ద గాలీవానా వచ్చింది. మా కాలేజీ రేకులు ఎగిరి పక్క కాలేజీలో పడ్డాయి. పార్కులో చెట్లు పోయాయి గనక గాలికి అడ్డం లేకపోయింది. ఇరవై మూడు ఫ్లెక్సీలు టపటపలాడి ఎలాగో నిలిచాయి. పద్నాలుగో నంబరు మాత్రం చట్రం నుంచి ఊడి ఎగిరిపోయింది. సాయంత్రానికి అది గేటు దగ్గర పిడత కింద పప్పు బండి మీద కప్పుగా కనిపించింది. "గాలి తెచ్చిచ్చిందండి, నేనడగలేదు" అన్నాడు బండివాడు. ఒంటరి చెట్టు నీడ ఇవ్వడం అదే మొదలు.

గురువారం గొడ్డళ్లవాళ్లు రాలేదు. పడిన చెట్ల కొమ్మలు ఎత్తిపోయడానికే వాళ్లకు సరిపోయింది. కొత్త ఫ్లెక్సీ కోసం దైవాధీనం గారు ముద్రణ దుకాణానికి కబురు పంపారు. అక్కడ గాలీవానకు కరెంటు లేదు. ఆయన కంగారుపడలేదు. ఖాళీ చట్రానికి ముందు ఎర్ర పరదా కట్టించారు. ముఖ్య అతిథి గారు ఒకటో నంబరు ఫోటో దగ్గర తాడు లాగి వెళ్లిపోతారు, చివరి దాకా నడవరు. శనివారం ఫ్లెక్సీ వస్తుంది, శనివారం పొద్దున్నే చెట్టు పోతుంది. అంతా సవ్యంగా ఉంది.

శుక్రవారం సాయంత్రం ఏసోబు మమ్మల్ని వెనక గోడ గేటు తీసి లోపలికి పంపాడు. "ఆఖరుసారి కూచోండమ్మా. పరదా ఉందిగా, అవతలికి కనపడరు. పెద్దమ్మాయికి నా తరఫున కూడా చెప్పండి" అన్నాడు. ఏం చెప్పాలో అడగలేదు.

నేను చిలకపచ్చ చీర కట్టుకున్నాను. మా మొదటి సాయంత్రం కట్టింది. పొట్లం కొనుక్కున్నాం గానీ తినబుద్ధి కాలేదు. అవతల బ్యాండు మోగుతోంది. అయిదింటికి రావలసిన ముఖ్య అతిథి గారు ఆరుకు వచ్చారని మైకులో తెలిసింది.

"హిమా, ఆయన మొన్నే మా దుకాణానికొచ్చారు" అన్నాడు మా ఆయన, నన్ను నవ్విద్దామని. "దూరపు చూపు జోడు మరమ్మతుకిచ్చారు. ఇవాళ పెట్టుకొచ్చింది పేపరు చదివే జోడు. ఆయనకు హిమాలయాలూ ఒకటే, ఇడ్లీ పళ్లెమూ ఒకటే."

నవ్వు వచ్చింది. దాంతోపాటు ఏడుపు కూడా వచ్చింది.

అంతలో మైకులో గందరగోళం. ఒకటో నంబరు దగ్గర తాడు లాగాలంటే దక్షిణం వైపు తిరగాలి. ముఖ్య అతిథి గారికి దక్షిణ ముఖంగా ఏ పనీ కలిసిరాదని వారి సిద్ధాంతి చెప్పాడట. తూర్పు ముఖంగా తాడున్నది ఎక్కడ? పార్కంతా వెదికి ఒక ఎర్ర పరదా చూశారు.

"సార్, అది... అది కొంచెం ప్రత్యేకమైనది సార్" అంటున్న దైవాధీనం గారి గొంతు మైకులో దగ్గరకు వస్తోంది.

"ప్రత్యేకమైతే అదే లాగుదాం" అంది పెద్ద గొంతు.

మేము లేచి పారిపోదామనేలోపు పరదా తొలగిపోయింది.

ఎదురుగా రెండు వందల మంది. మధ్యలో ముఖ్య అతిథి గారు, పక్కన కమిషనరు గారు. పడమటి ఎండ నేరుగా మా మొహాల మీద. నా వేళ్ల మధ్య ఒక మరమరం. "కదలకు" అన్నాడు మా ఆయన పెదవులు కదపకుండా. నేను కదలలేదు. భయంతో కదలలేదు, అంతే.

బ్యాండు ఆగింది. దైవాధీనం గారి మొహం ఫ్లెక్సీ కన్నా తెల్లగా అయింది.

ముఖ్య అతిథి గారు కళ్లు చిట్లించి చాలాసేపు చూశారు. "ఓహో!" అన్నారు. "మిగతావన్నీ మామూలుగా ఉన్నాయి గానీ, ఇది ఫోటో అంటే! ఆ పచ్చ చీర చూడండి. ఆ చెట్టు చూడండి. ఆకు ఆకూ తెలుస్తోంది."

కమిషనరు గారు తెలివైనవారు. ఒక్క క్షణమే తడబడ్డారు. "మా సంస్థ ప్రత్యేక కృషి సార్" అన్నారు.

సరిగ్గా అప్పుడే ఆకులు ముడుచుకోవడం మొదలుపెట్టాయి. కింది కొమ్మ నుంచి పై కొమ్మకు, జతలు జతలుగా.

"కదులుతున్నాయయ్యా!" అన్నారు ముఖ్య అతిథి గారు.

"కొత్త టెక్నాలజీ సార్."

"ఆ అమ్మాయి కళ్లార్పింది!"

"ముద్రణ నాణ్యత సార్" అన్నారు దైవాధీనం గారు. ఆయన గొంతు నూతిలోంచి వచ్చినట్టుంది.

ముఖ్య అతిథి గారు చప్పట్లు కొట్టారు. దాంతో రెండు వందల మందీ కొట్టారు. పంచె ఎగగట్టిన పెద్దాయన అందరికన్నా గట్టిగా కొట్టాడు. ఈ ఫోటోను ఎన్నటికీ ఇక్కడి నుంచి తీయకూడదని, వచ్చేసారి తన కుటుంబాన్ని తీసుకొస్తానని, అప్పటికి ఇది ఇలాగే ఉండాలని ముఖ్య అతిథి గారు మైకులో ప్రకటించారు.

శనివారం పొద్దున్న గొడ్డళ్లు రాలేదు. దస్త్రం వచ్చింది.

మా ఇంటికే పంపారు. ముందు గదిలో మామగారు టీవీ కట్టేసి మెల్లగా పైకి చదివారు. "ప్రదర్శిత వస్తువు సంఖ్య పద్నాలుగు. పాత పేరు: ఒంటరి చెట్టు. సవరించిన పేరు: సాయంకాలపు దంపతులు. రిజిస్టరులో నమోదైన వివరములు: ఇనుప చట్రము ఒకటి, చెట్టు ఒకటి, బల్ల ఒకటి, దంపతులు ఒక జత, చిలకపచ్చ చీర ఒకటి, మరమరాల పొట్లము ఒకటి. జత మధ్య ఖాళీ: జానెడు. తొమ్మిదో నిబంధన ననుసరించి పై వస్తువులను తొలగించుట నిషేధము. ప్రదర్శన వేళలైన సాయంత్రం అయిదున్నర నుంచి ఏడు వరకు జత యథాస్థానమున ఉండవలెను. గైర్హాజరగుచో ముందుగా సెలవు చీటీ సమర్పించవలెను."

ఇంట్లో అందరూ నా వైపు చూశారు. నేను నేల వైపు చూశాను. నా బుగ్గలు మండిపోతున్నాయి.

"రోజూ వెళ్లాలా?" అన్నారు అత్తగారు.

"సర్కారు ఉత్తరువే! వెళ్లక తప్పుతుందా?" అన్నారు నాయనమ్మ గారు. మామగారు మెల్లగా చదివినదంతా ఆవిడకు వినబడింది. "ఆ పచ్చ చీర ఉతికి ఆరేయండి ముందు. సాయంత్రానికి కావాలి."

అలా మాకు ఉద్యోగం వచ్చింది. మా ఆయనను అయిదింటికే వదిలేయమని దుకాణానికి సంస్థ ఉత్తరం రాసింది. మా చట్రం ముందు జనం నిలబడి చూసి వెళ్లేవాళ్లు. మొదట సిగ్గేసింది. తర్వాత అలవాటైంది. చూసేవాళ్లు మమ్మల్ని ఫోటో అనే అనుకోవాలని నిబంధన గనక, మమ్మల్ని పలకరించకూడదు. మా చుట్టూ యాభై మంది ఉన్నా మేము ఏకాంతంగా ఉన్నట్టే. అటువంటి ఏకాంతం బీరువా వెనక ఎప్పుడూ దొరకలేదు.

మార్గశిరంలో ఒకసారి దెబ్బలాడుకున్నాం. నేను మొదటిసారి గోంగూర పచ్చడి చేశాను. మా ఆయన అందరి ముందూ తిని, "మా అమ్మ చేసినట్టు లేదు గానీ బానే ఉంది" అన్నాడు. ఆ సాయంత్రం బల్లకు ఈ చివర నేను, ఆ చివర తను. నేను గడియారం వైపు చూస్తున్నాను. తను గేటు వైపు చూస్తున్నాడు. పొట్లం మధ్యలో ఉంది, ఎవరూ ముట్టలేదు.

ఆరింటికి ఏసోబు కొలత టేపు పట్టుకుని వచ్చాడు. వెనకాలే దైవాధీనం గారు.

"ఆయ్, ఏవనుకోకండి" అన్నాడు ఏసోబు. టేపు నా దగ్గర పెట్టి అటు లాగాడు. "నాలుగడుగుల రెండంగుళాలండి."

"రిజిస్టరులో జానెడు" అన్నారు దైవాధీనం గారు బాధగా. "ప్రదర్శిత వస్తువు తన స్థానము నుంచి తానే కదిలినది. ఇటువంటిది నేను ఎక్కడా చూడలేదు. ఎవరికి సంజాయిషీ తాఖీదు ఇవ్వాలి? ఎవరు కదిలారు?"

"ఆయనే" అన్నాను.

"తనే" అన్నాడు.

"ఇద్దరికీ ఇస్తాను" అన్నారు దైవాధీనం గారు, కాగితం తీస్తూ. "కారణం అనే గడిలో ఏం రాయమంటారు?"

ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. సర్కారు కాగితం మీద గోంగూర అని రాయించుకోవడం ఎవరికీ ఇష్టం లేదు. ఆయన కాస్త జరిగాడు. నేను కాస్త జరిగాను. ఏసోబు జానెడు వచ్చేదాకా కొలిచాడు. జానెడు దూరంలో మనిషి మీద కోపంగా ఉండటం చాలా కష్టం. పక్కన కూర్చున్నవాడి వేళ్లకు ఇంకా గోంగూర వాసన వస్తూంటే మరీ కష్టం. అంత బాగా లేకపోతే మూడుసార్లు ఎందుకు వడ్డించుకున్నాడు?

ఫాల్గుణానికి ఎండలు ముదిరాయి. నీడ లేదు గనక ఫోటోలన్నీ వెలిసిపోయాయి. పూలతోట బూడిదరంగుకు తిరిగింది. జలపాతం ఎండిపోయింది. హిమాలయాలు మాత్రం మునుపటికన్నా తెల్లగా ఉన్నాయి. పద్నాలుగో నంబరు ఒక్కటే పచ్చగా, పైగా కొత్త చిగుళ్లతో ఉంది. దాని ముద్రణ నాణ్యతను మెచ్చుకుంటూ కమిషనరు గారు ఇంకో ఉత్తర్వు ఇచ్చారు. మిగతా ఇరవై మూడు చట్రాల వెనక కూడా అదే టెక్నాలజీని అమర్చవలెను. ఏసోబు ఇరవై మూడు గుంటలు తవ్వి నిద్రగన్నేరు మొక్కలు నాటాడు. సాంకేతిక సలహాదారుగా నన్ను వేశారు. అమరికకు ఎంత కాలం పడుతుందని అడిగితే, అరవై ఏళ్లని రాసిచ్చాను. "గడువు సహేతుకముగా ఉన్నది" అని దైవాధీనం గారు సంతకం పెట్టారు.

మార్చి నెలాఖరున ఏడాది నిల్వల తనిఖీ జరిగింది. భోగలింగం గారని పెద్ద ఆఫీసు నుంచి తనిఖీ అధికారి వచ్చారు. చంకలో రిజిస్టరు, చెవిన ఎర్ర కలం. పార్కంతా చూసుకుంటూ అయిదూ నలభైకి మా చట్రం ముందుకు వచ్చారు. పక్కన దైవాధీనం గారు, ఏసోబు.

"చట్రం ఒకటి, సరి. చెట్టు ఒకటి, సరి. బల్ల ఒకటి, సరి. పొట్లం..." వంగి చూశారు. "సగం ఉంది."

"తింటారండి" అన్నాడు ఏసోబు. "రోజూ కొత్తది తెస్తారు."

"సరి. చీర, చిలకపచ్చ, సరి. దంపతులు ఒక జత..." అని నా వైపు చూసి ఆగారు. కళ్లజోడు సర్దుకున్నారు. అది మా ఆయన బిగించిన జోడే, బాగా కనిపిస్తుంది. మళ్లీ చూశారు. నేను కొంగు సర్దుకున్నాను. సర్దుకున్నా ప్రయోజనం లేదు.

"ఆయ్, అయిదో నెలండి" అన్నాడు ఏసోబు.

భోగలింగం గారు బల్ల మీద చతికిలపడ్డారు. ప్రదర్శిత వస్తువును తాకరాదన్న సంగతి కూడా మరిచిపోయారు. "తక్కువొస్తే నాకు భయం లేదు" అన్నారు దైవాధీనం గారితో. "ఎలుకలు కొట్టాయనో, వానకు కొట్టుకుపోయిందనో రాసుకుంటాం. ఎక్కువొస్తే ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పాలి. నా ముప్పయ్యేళ్ల సర్వీసులో ఏ ఆఫీసులోనూ ఎక్కువ రాలేదయ్యా!"

"ఈ పెరుగుదలకు పూర్వానుమతి తీసుకోబడలేదు" అన్నారు దైవాధీనం గారు, నా మొహంలోకి చూడలేక చెట్టు మొహంలోకి చూస్తూ.

మా ఆయన లేచి నిలబడి చేతులు కట్టుకున్నాడు. "బాధ్యత నాదేనండి" అన్నాడు.

ఏసోబు అటు తిరిగి తుండుగుడ్డ నోటికి అడ్డం పెట్టుకున్నాడు. భోగలింగం గారు రిజిస్టరును మొదటి పేజీ నుంచి తిరగేశారు. ఈలోగా ఆరు దాటింది. పెద్దమ్మాయి కింది కొమ్మ నుంచి ఆకులు ముడుచుకోవడం మొదలుపెట్టింది. ఆయన తలెత్తి ఆ పచ్చదనాన్నో ప్రకృతినో, ఏ విభాగం కిందికి వస్తుందో గానీ, దాన్ని చూశారు. మొహం కాస్త మెత్తబడింది. చెవిన ఉన్న ఎర్ర కలం తీశారు. రిజిస్టరు మోకాలి మీద పెట్టుకుని రిమార్కుల గడిలో నెమ్మదిగా రాశారు.

నేను పక్కనే జానెడు దూరంలో ఉన్నాను గనక తొంగి చూశాను.

"దంపతులు జత ఒకటి, సరి. అదనముగా ఒకటి. దారిలో ఉన్నది."